12×9 ఇంటి ప్లాను: వాయవ్య మూల లేదు, టాయిలెట్ నడిమధ్య. గోడలు లేపకముందే ఏం మార్చాలి?

కొత్తగోడ
ఒకే అంతస్తు ఇల్లు. ప్లాను ఇంకా కాగితం మీదే ఉంది, పునాదికి ముగ్గు కూడా పోయలేదు. ఫెంగ్‌షుయ్ ప్రకారం సర్దాలంటే ఇప్పుడే సర్దాలని అడుగుతున్నాను.

తూర్పు పడమరలుగా 12 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 9 మీటర్లు. వాయవ్య మూలలో 4×3 మీటర్ల ముక్క కట్టకుండా వదిలేశాం. నైరుతి మూలను సున్నా అనుకోండి. కింద ప్రతి జతలో మొదటిది అక్కడి నుంచి తూర్పుకి ఎన్ని మీటర్లో, రెండోది ఉత్తరానికి ఎన్ని మీటర్లో.

ముందు తలుపు దక్షిణ గోడలో, మధ్య బిందువు 4.6 దగ్గర, వెడల్పు 1 మీటరు. దానికి నేరుగా 4 నుంచి 5.2 వరకు నడవా, చివర ఉత్తర గోడలో పెరటి తలుపు.
టాయిలెట్: 5.2–7, 4–6.
వంటగది: 5.2–8.4, 6–9. పొయ్యి టాయిలెట్ గోడకి ఆనుకుని.
పెద్ద పడకగది: 8.4–12, 4.5–9. తలుపు పడమటి గోడలో దక్షిణం చివర, కిటికీ ఉత్తర గోడలో.
చిన్న పడకగది: 0–4, 2.8–6.
ఆగ్నేయంలో ఇంకో గది. మిగతాదంతా హాలు, భోజనాల చోటు.

ముందు గోడ ఫోన్ దిక్సూచిలో 190 డిగ్రీలు చూపిస్తోంది. పోయిన మూల "సంపద" అని ఒకరు, "తండ్రి, సహాయకులు" అని ఇంకొకరు చెబుతున్నారు. ఏది లెక్కలోకి తీసుకోవాలి? టాయిలెట్ నిజంగా మధ్యలో పడినట్టేనా?

బగువాబాల
తలుపు గోడ దగ్గర నిలబడి లోపలికి చూడండి. ఎడమ చేతివైపు దూరపు మూల సంపద. మీకు పోయింది అదే. కుడి దూరపు మూల దాంపత్యం, ముందు నడిమి గడి వృత్తి. దిక్సూచితో పనే లేదు.

లోపాన్_లెక్క
బాల గారు చెప్పింది బ్లాక్ సెక్ట్ పద్ధతి. లిన్ యున్ అనే గురువు 1980లలో అమెరికాలో ప్రచారంలోకి తెచ్చింది. అందులో బగువా (ఇంటిని తొమ్మిది గడులు చేసి ఒక్కో గడికి జీవితంలో ఒక్కో అంశం ఇచ్చే పటం) తలుపున్న గోడకి అతుక్కుని ఉంటుంది. పాత దిక్సూచి పద్ధతిలో బగువా దిక్కులకి అతుక్కుని ఉంటుంది. వాయవ్యం అంటే చియెన్ అనే గడి, సంఖ్య 6, లోహం, తండ్రి, సహాయకులు. సంపద ఆగ్నేయంలో ఉంటుంది. మీకు చెప్పిన ఇద్దరూ తమ తమ పద్ధతిలో సరిగ్గానే చెప్పారు. మీరు చేయాల్సిందల్లా ఒక పద్ధతి ఎంచుకుని చివరిదాకా దానితోనే వెళ్లడం. సంపద మూలని ఒక పద్ధతిలో, పడక దిక్కుని ఇంకో పద్ధతిలో చూస్తే ప్లాను ఎటూ కుదరదు.

బగువాబాల
ఒక పద్ధతి అన్నది ఒప్పుకుంటాను. కానీ దిక్కు సరిగ్గా కొలవడం రాని వాళ్లకి తలుపు పద్ధతిలో పొరపాటుకి చోటు తక్కువ.

లోపాన్_లెక్క
కొలవడం నేర్చుకుంటే సరిపోతుంది, కష్టమేమీ కాదు. కొత్తగోడ గారూ, ముందు ఆ 190ని నిర్ధారించుకోండి.

ఫోన్ సెట్టింగుల్లో నిజ ఉత్తరం, అయస్కాంత ఉత్తరం అని రెండుంటాయి. లోపాన్ (ఫెంగ్‌షుయ్ దిక్సూచి) అయస్కాంత ఉత్తరాన్నే చూపుతుంది కాబట్టి ఫోన్‌ని కూడా దానికే పెట్టండి. మ్యాపులో కనిపించేది నిజ ఉత్తరం. రెంటికీ తేడా ఎంతన్నది ఊరిని బట్టి మారుతుంది. ప్లాను కాగితం మీద ముద్రించిన బాణం గుర్తుని అసలు నమ్మకండి. చాలామంది దాన్ని దగ్గరి దిక్కుకి సర్ది వేసేస్తారు.

స్థలంలో ముందు గోడ వచ్చే గీత మీద తాడు కట్టండి. తాడుకి లంబంగా చెక్క పలక పెట్టి, దాని మీద ఫోన్ పడుకోబెట్టి మూడు చోట్ల చూడండి: రెండు కొసల్లో, మధ్యలో. వెనక గోడ గీత మీద కూడా ఫోన్ బయటి వైపు తిప్పి చూడండి, అక్కడ 10 రావాలి. రీడింగుల మధ్య 5 డిగ్రీలు దాటి తేడా ఉంటే పక్కన ఎక్కడో ఇనుము ఉంది. కారు, గేటు, కుప్ప పోసిన చువ్వలు ఏవైనా కావచ్చు. స్లాబు పడ్డాక ఇంట్లో నిలబడి చూసిన రీడింగుకి విలువ తక్కువ. ఖాళీ స్థలంలో చూడగలగడం మీకు దొరికిన మంచి అవకాశం.

ప్లానుపిచ్చి
నడి బిందువు లెక్క వేశాను. ఎల్ ఆకారం ఇంటికి ఎదురెదురు మూలలు కలిపి గీతలు గీస్తే తప్పుతుంది.

మొత్తం చదరం 12×9 = 108 చ.మీ., దాని మధ్య (6, 4.5). పోయిన ముక్క 4×3 = 12 చ.మీ., దాని మధ్య (2, 7.5). మిగిలింది 96.
తూర్పుకి: (108×6 − 12×2) ÷ 96 = 6.5
ఉత్తరానికి: (108×4.5 − 12×7.5) ÷ 96 = 4.125

అంటే నడి బిందువు (6.5, 4.125). టాయిలెట్ 5.2–7, 4–6 కదా, ఆ బిందువు అందులోనే ఉంది. మొత్తం చదరం మధ్య (6, 4.5) కూడా అందులోనే. ఏ లెక్కన చూసినా టాయిలెట్ నడిమధ్యే.

అంకెలు నచ్చని వాళ్లు ప్లానుని అట్ట మీద అతికించి అంచు వెంబడి కత్తిరించండి. ఒక మూల గుండుసూది గుచ్చి వేలాడదీసి, దారానికి చిన్న బరువు కట్టి అదే సూది నుంచి వదిలి, దారం వెంట గీత గీయండి. ఇంకో మూల నుంచి మళ్లీ అదే పని. గీతలు కలిసేచోటే మధ్య.

కొత్తగోడ
కొలిచి వచ్చాను. అయస్కాంత ఉత్తరం పెట్టి ముందు గోడ దగ్గర 189, 190, 190. వెనక 10.

లోపాన్_లెక్క
బాగుంది. ఇక 190తో ధైర్యంగా వెళ్లొచ్చు. దక్షిణం 157.5 నుంచి 202.5 దాకా. అందులో మూడు "కొండలు", ఒక్కోటి 15 డిగ్రీలు: బింగ్, వూ, డింగ్. 190 డింగ్‌లో పడింది, ఎందుకంటే అది 187.5 దగ్గర మొదలవుతుంది. ఇల్లు దక్షిణం చూస్తుంది, ఉత్తరాన కూర్చుంటుంది. ఎనిమిది భవనాల పద్ధతిలో ఇంటి పేరు కూర్చున్న దిక్కుని బట్టి వస్తుంది కాబట్టి ఇది కాన్ (ఉత్తరం) ఇల్లు.

కాన్ ఇంటికి మంచి భాగాలు: ఆగ్నేయం (షెంగ్ చీ), తూర్పు (తియెన్ యీ), దక్షిణం (యెన్ నియెన్), ఉత్తరం (ఫూ వే).
చెడ్డవి: పడమర (హువో హై), ఈశాన్యం (వూ గుయ్), వాయవ్యం (లియు షా), నైరుతి (జుయే మింగ్).

ఇప్పుడు మీ పోయిన మూల సంగతి చూడండి. వాయవ్యం ఈ ఇంటికి ఎలాగూ చెడ్డ భాగమే. ఒక మూల పోక తప్పదంటే ఈ ఇంటికి పోవాల్సినవాటిలో అదొకటి.

బగువాబాల
ఈ మాట మాత్రం నాకు మింగుడు పడదు. చియెన్ అంటే ఇంటి పెద్ద స్థానం. ఏ ఇల్లైనా సరే, ఆ చోటు లేకపోవడం లోటే.

లోపాన్_లెక్క
లోటు లేదనడం లేదండి. ఆగ్నేయం పోయి ఉంటే పడాల్సిన కంగారు ఇక్కడ అక్కర్లేదు అంటున్నాను.

సందేహం_సుబ్బు
అసలు ఏది "పోయిన మూల", ఏది "పెరిగిన భాగం"? ఎల్ ఆకారం చూస్తే రెండూ అనొచ్చు కదా?

ప్లానుపిచ్చి
సగం సూత్రం. ఖాళీ పొడవు ఆ వైపు గోడ మొత్తంలో సగం కన్నా తక్కువైతే మూల పోయినట్టు. కట్టిన ముక్కే సగం కన్నా తక్కువైతే అది పెరిగిన భాగం. ఇక్కడ 12లో 4, 9లో 3. రెండూ మూడో వంతే. మూల పోయినట్టే లెక్క. తొమ్మిది గడులుగా కోస్తే ఒక గడి కొలత కూడా సరిగ్గా 4×3. ఒక గడి మొత్తం లేదు.

గాలివాటం
దిక్కుల కన్నా ముందు ఆకారం చూడాలి. ఈ ప్లానులో పెద్ద సమస్య మూల కాదు, ముందు తలుపు నుంచి పెరటి తలుపు దాకా 9 మీటర్ల తిన్నని దారి. వచ్చిన చీ (ప్రాణశక్తి) ఎక్కడా ఆగదు. రెండు తలుపులూ తీసి ఉంటే మామూలు గాలి కూడా ఆ నడవాలోనే దూసుకుపోతుంది. హాల్లో కూర్చున్న వాళ్లకి చేరదు. పెరటి తలుపు తీసేయండి.

ఇటుక_సిమెంటు
పెరటి తలుపు తీసేయొద్దు. వంటగదిలో మంట అంటుకుంటే బయటపడే రెండో దారి అదొక్కటే. ఎదురుబొదురు గాలి కూడా పోతుంది. గీత విరవండి చాలు.

తొమ్మిదో_నక్షత్రం
ఇటుక గారి మాటకి ఇంకో బలం కలుపుతాను. 2024 ఫిబ్రవరిలో తొమ్మిదో కాలం మొదలైంది, 20 ఏళ్లు. ఈ కాలంలో కట్టిన ఇల్లు డింగ్ వైపు చూస్తే ఫ్లయింగ్ స్టార్ పటంలో (కట్టిన కాలాన్ని, దిక్కుని బట్టి గడులకి "నక్షత్రాలు" అనే అంకెలు వేసే పటం) కొండ నక్షత్రం 9, నీటి నక్షత్రం 9 రెండూ ఉత్తర గడిలోనే పడతాయి. ఈ కాలానికి 9 అన్నిటికన్నా బలమైనది. అది ఇంటి వెనక చేరింది కాబట్టి వెనక వైపు మనుషుల కదలిక ఉండాలి, తలుపు తెరుచుకోవాలి. ఆ తలుపు మూసేస్తే ఇంట్లో ఉన్న మంచి గడికి తాళం వేసినట్టు.

గాలివాటం
అలాగైతే తలుపు ఉంచి, ముందు తలుపుకి 1.5 మీటర్ల లోపల తెర గోడ పెట్టాలి. 1.2 వెడల్పు, 1.8 నుంచి 2 మీటర్ల ఎత్తు. రెండు పక్కలా 90 సెం.మీ. నడిచే చోటు మిగలాలి. నేల నుంచి 15 సెం.మీ. ఎత్తులో మొదలైతే ఊడవడం సులువు.

ప్లానుపిచ్చి
గోడ లేవకముందు తెర ఎందుకు? తలుపునే జరపొచ్చు. జరపాల్సిన కారణం ఇంకోటి కూడా ఉంది. నడి బిందువు నుంచి ముందు తలుపు ఎటు పడుతోందో చూశాను. (4.6, 0) అంటే పడమటికి 1.9, దక్షిణానికి 4.125. ఆ కోణం 25 డిగ్రీలు. ఇల్లు 10 డిగ్రీలు తిరిగి ఉంది కాబట్టి 180 + 25 + 10 = 215. 202.5 దాటింది. తలుపు దక్షిణ గోడలోనే ఉన్నా నైరుతి భాగంలో పడింది.

లోపాన్_లెక్క
నైరుతి అంటే ఈ ఇంటికి జుయే మింగ్, అన్నిటికన్నా చెడ్డది! భలే పట్టారు. గోడని చూసి "దక్షిణ తలుపు" అనుకుంటాం కానీ చూడాల్సింది మధ్య నుంచి కోణం. ఎంత జరపాలి?

ప్లానుపిచ్చి
202.5 లోపు రావాలంటే ప్లాను మీద పడమటి వాలు 12.5 డిగ్రీలు మించకూడదు. 4.125 × 0.222 = 0.91. 6.5 లోంచి తీసేస్తే 5.59. తలుపు పడమటి అంచు 5.6 దగ్గర మొదలవ్వాలి. 1 మీటరు తలుపుకి మధ్య బిందువు 6.1. అంటే 1.5 మీటర్లు తూర్పుకి జరిపితే దక్షిణం, యెన్ నియెన్. నడవా 5.2 దగ్గరే అయిపోతుంది కాబట్టి తిన్నని గీత కూడా విరిగిపోతుంది. తలుపు తీయగానే ఎదురుగా 4 మీటర్ల దూరంలో గోడ.

బగువాబాల
నా పద్ధతిలో తలుపు అప్పుడూ ఇప్పుడూ నడిమి గడిలోనే ఉంది, వృత్తి గడి. నాకూ అభ్యంతరం లేదు. అందరికీ సరిపడే మార్పు ఇదొక్కటే దొరికింది.

ఇటుక_సిమెంటు
లింటెల్, పిల్లరు చూసుకోండి. 6 దగ్గర పిల్లరు గీసి ఉంటే తలుపు పట్టదు. పిల్లర్ల గీతలు ఖరారు కాకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఈ 5.6–6.6 ఖాళీ ఇచ్చేయండి.

కొత్తగోడ
పిల్లర్లు 4, 8.4 గీతల్లో ఉన్నాయి. సరిపోతుంది. ఇక టాయిలెట్. చిన్న పడకగది వాయవ్య కొసలో 0–1.8, 3.9–6 ఇస్తే? బయటి గోడ, కిటికీ కూడా వస్తుంది.

లోపాన్_లెక్క
దిక్కు బాగుంది. మధ్య నుంచి దాని నడుమ బిందువు 288 డిగ్రీలు, పడమర. పై కొస 292.5 దాటి వాయవ్యంలోకి జారుతుంది. రెండూ చెడ్డ భాగాలే, టాయిలెట్ ఉండాల్సింది అక్కడే. మంచి భాగాల్ని పడకలకీ తలుపులకీ ఉంచుకుని, చెడ్డవాటిని టాయిలెట్, స్టోరు, పొయ్యితో నొక్కేయడం ఈ పద్ధతి మూల సూత్రం.

గాలివాటం
దిక్కు బాగున్నా ఆకారం చెడింది. పడకగది లోపల కొత్త ఎల్ పుడుతుంది. టాయిలెట్ గోడ మూల (1.8, 3.9) గదిలోకి పొడుచుకొస్తుంది. మంచం ఎక్కడ వేసినా ఆ అంచు గురిపెట్టినట్టు ఉంటుంది. పూర్తి పట్టీగా తీసుకోండి: 0–1.5, 2.8–6. టాయిలెట్, స్నానం రెండూ పడతాయి, తలుపు హాలు వైపు. గది చదరంగా మిగులుతుంది.

కొత్తగోడ
అప్పుడు గది 2.5×3.2. మంచం, బీరువా కష్టం.

గాలివాటం
గదిని దక్షిణానికి 60 సెం.మీ. పెంచండి, 2.5×3.8 అవుతుంది. హాల్లో పడమటి కొస 2.2 మీటర్ల లోతుకి తగ్గుతుంది. అక్కడ సోఫా వెనక ఆ గోడ ఆసరాగా పనికొస్తుంది.

ఇటుక_సిమెంటు
110 మి.మీ. పైపుకి మీటరుకి 1 నుంచి 2 సెం.మీ. వాలు ఇచ్చి పడమటి గోడలోంచి నేరుగా బయటికి తీయండి. పాత చోట ఉంటే పైపు హాలు కింద నుంచో వంటగది కింద నుంచో పోవాల్సి వచ్చేది. మూసుకుపోతే నేల పగలగొట్టాలి. నడిమి టాయిలెట్‌కి కిటికీ లేక తడి ఆరదు, ఫ్యాను తిరిగితేనే వాసన పోతుంది. ఫెంగ్‌షుయ్ నమ్మని వాళ్లకి కూడా దాన్ని మధ్యలోంచి తీయమనే చెబుతాను.

సందేహం_సుబ్బు
ఖాళీ అయిన 1.8×2 ఏం చేయాలి? స్టోరు పెట్టొచ్చా?

బగువాబాల
మధ్య గడి ఆరోగ్యానిది, మట్టి తత్వం. పాత సామాను కుక్కొద్దు. దక్షిణ గోడ ఉంచి (తలుపుకి ఎదురు గోడ అదే), మిగతా వైపులు తెరిచి కూర్చునే చోటుగా వదిలేయండి. పసుపు, ఇటుక రంగులు, మంచి దీపం చాలు.

ఈశాన్యం_99
మధ్యలో మాట అడ్డొస్తున్నాను. ఈశాన్యంలో నీళ్లు, ఆగ్నేయంలో నిప్పు అని వాస్తు కదా. వంటగది ఉత్తరంలో ఎలా ఒప్పుకుంటున్నారు?

లోపాన్_లెక్క
వాస్తులో ఆగ్నేయం నిప్పు, ఇక్కడ ఆగ్నేయం చెట్టు. ఇక్కడ నిప్పు దక్షిణం, నీరు ఉత్తరం, ఈశాన్యం మట్టి. రెండు పటాలూ ఒకే కాగితం మీద పరిస్తే ప్రతి గదికీ ఏదో ఒక అభ్యంతరం వస్తుంది, ఇల్లు కట్టలేరు. మధ్య చోటు తేలిగ్గా ఉండాలన్నదాంట్లో మాత్రం రెండూ కలుస్తాయి.

తొమ్మిదో_నక్షత్రం
వంటగది విషయంలో నాకూ కొంచెం ఇబ్బందే. రెండు 9లు ఉన్న ఉత్తర గడిలో వంటగది వస్తోంది. పొయ్యి సరిగ్గా ఆ గడిలో మండకుండా చూడండి.

ప్లానుపిచ్చి
చూశాను. వంటగది నడుమ (6.8, 7.5), అది 15 డిగ్రీలు, ఉత్తరమే. కానీ పొయ్యిని టాయిలెట్ గోడ నుంచి తూర్పు గోడకి మారిస్తే (8.1, 7.5) దగ్గర 35 డిగ్రీలు. 22.5 దాటింది, అంటే ఈశాన్యం, వూ గుయ్. పొయ్యి చెడ్డ భాగంలో పడింది, కావాల్సిందీ అదే. ఉత్తర గడి నడక కోసం మిగిలింది.

గాలివాటం
సింకు ఉత్తర గోడకి, కిటికీ కింద. పొయ్యికీ సింకుకీ మధ్య కనీసం 60 సెం.మీ. గట్టు. కిటికీ కింద పొయ్యి పెట్టకండి, గాలికి మంట ఊగుతుంది, వెనక ఆసరా ఉండదు. ముఖ్యమైనది ఇంకోటి: తూర్పు గోడకి అవతల పెద్ద పడకగది ఉంది. ఆ గోడకి మంచం తల ఆనించొద్దు.

కొత్తగోడ
మంచం ఎటు? నేను 1988 ఆడ, మా వారు 1985 మగ.

లోపాన్_లెక్క
కువా (పుట్టిన ఏడాదిని బట్టి మనిషికి వచ్చే సంఖ్య) లెక్క. ఏడాదిలో చివరి రెండంకెలు కలిపి ఒక్క అంకెకి తెండి. మగవాళ్లకి 10 లోంచి తీసేయాలి, ఆడవాళ్లకి 5 కలపాలి. 2000 నుంచి పుట్టినవాళ్లకి 9 లోంచి తీసేయడం, 6 కలపడం. 5 వస్తే మగవాళ్లకి 2, ఆడవాళ్లకి 8.

మీది: 8+8=16, 7. 7+5=12, 3. కువా 3, తూర్పు వర్గం.
మీ వారిది: 8+5=13, 4. 10−4=6. కువా 6, పడమటి వర్గం.

ఒకరికి మంచిది ఇంకొకరికి చెడ్డది. ఈ గదిలో మంచం తల తూర్పు గోడకి గానీ ఉత్తర గోడకి గానీ ఆనాలి. తూర్పు (100 డిగ్రీలు): మీకు ఫూ వే, ఆయనకి వూ గుయ్. ఉత్తరం: మీకు తియెన్ యీ, ఆయనకి లియు షా. ఆయనకి రెండూ ఒకలాంటివే.

తొమ్మిదో_నక్షత్రం
పుట్టిన నెల అడగలేదు. ఈ లెక్కలో ఏడాది ఫిబ్రవరి 4 చుట్టుపక్కల మారుతుంది.

కొత్తగోడ
నాది ఆగస్టు. ఆయనది 1985 జనవరి.

లోపాన్_లెక్క
అయితే ఆయనకి 1984 లెక్కే. 8+4=12, 3. 10−3=7. కువా 7! వర్గం మారలేదు గానీ దిక్కులు మారాయి. కువా 7కి తూర్పు జుయే మింగ్, అన్నిట్లోకీ చెడ్డది. ఉత్తరం హువో హై, చెడ్డవాటిలో అన్నిటికన్నా తేలిక. ఇప్పుడు తేలిపోయింది, తల ఉత్తరానికి. మీకు తియెన్ యీ, ఆయనకి తేలికపాటి ఇబ్బంది.

ఈశాన్యం_99
ఉత్తరానికి తల పెట్టుకోవడమా! మా ఇళ్లల్లో ఒప్పుకోరు.

లోపాన్_లెక్క
ఫెంగ్‌షుయ్‌లో ఉత్తరం తలకి నిషేధం లేదు. ఇంట్లో పెద్దలు ఒప్పుకోకపోతే, పడుకున్నప్పుడల్లా అదే గుర్తొచ్చేట్టయితే, పెట్టకండి. అప్పుడు తూర్పు గోడే. ఆయనకి చదువుకునే బల్ల వేరే గదిలో, ముఖం వాయవ్యానికి (ఆయన షెంగ్ చీ) వచ్చేట్టు సర్దండి.

గాలివాటం
దక్షిణ గోడకి మాత్రం వద్దు. కొత్తగోడ గారి షెంగ్ చీ అదే అయినా గది తలుపు ఆ తల పక్కనే పడుతుంది. దిక్కు ఎంత మంచిదైనా తలుపు కనిపించని, ఆసరా లేని చోట నిద్ర పట్టదు.

ఉత్తర గోడ అనుకుంటే: మంచం 1.8×2, తూర్పుకి 9.6 నుంచి 11.4. తూర్పు గోడ వైపు 60 సెం.మీ., పడమటి వైపు 1.2 మీటర్లు మిగులుతాయి. తలుపు నైరుతి కొసలో ఉంది కాబట్టి కాళ్లు తలుపుకి ఎదురు రావు, పడుకుని చూస్తే తలుపు ఏటవాలుగా కనిపిస్తుంది. ఉత్తర గోడ కిటికీని తూర్పు గోడలోకి మార్చండి, తల వెనక గోడ నిండుగా ఉండాలి. మంచం మీదుగా దూలం వస్తే ఫాల్స్ సీలింగులో కలిపేయండి. అద్దం బీరువా తలుపు లోపలి వైపు.

ఫ్లాటువాసి
ఇదంతా సొంత ఇంటికి. ఫ్లాటులో ముందు వైపు అంటే ఏది? మా తలుపు లోపలి వరండాలోకి, బాల్కనీ రోడ్డు వైపు.

తొమ్మిదో_నక్షత్రం
ఎక్కువమంది భవనం మొత్తం ఎటు చూస్తుందో అదే తీసుకుంటారు. పటం ఒకటే, దాన్ని మీ ఫ్లాటు మధ్య నుంచి పరుస్తారు. కొందరు వెలుతురు ఎక్కువొచ్చే వైపు తీసుకుంటారు. ఏది తీసుకున్నా తలుపు పడిన గడి ముఖ్యం.

బగువాబాల
తలుపు పద్ధతిలో ఈ చిక్కే లేదు. ఫ్లాటు తలుపే ముందు.

సందేహం_సుబ్బు
ఏడాదికో నక్షత్రం అంటారు కదా, దానికోసం ప్లాను మార్చాలా?

తొమ్మిదో_నక్షత్రం
వద్దు. అది ఏటా గడి మారుతుంది, దానికోసం గోడ కట్టరు. పని మొదలుపెట్టే చోటుకి మాత్రం చూసుకోవాలి. 2026లో చెడ్డదిగా చూసే 5 నక్షత్రం దక్షిణంలో ఉంటుంది. ఆ ఏడాది కడితే తవ్వకం దక్షిణం వైపు మొదలెట్టకుండా వేరే వైపు నుంచి మొదలెట్టండి.

కొత్తగోడ
తలుపు 6.1కి, టాయిలెట్ పడమటి పట్టీకి, పొయ్యి తూర్పు గోడకి, మంచం ఉత్తరానికి మార్చి గీయిస్తున్నాను. మిగిలింది పోయిన మూల. అద్దాలు, స్ఫటికాలు అంటున్నారు.

బగువాబాల
లోపలి గోడల మీద అద్దం పెడితే ఆ దిక్కు తెరుచుకున్నట్టు అవుతుంది.

గాలివాటం
స్థలం మీదే కదా, బయటే పూరించండి. గోడల గీతలు రెండూ పొడిగిస్తే అవి (0, 9) దగ్గర కలుస్తాయి. సరిగ్గా అక్కడ స్తంభ దీపం, రాత్రిళ్లు వెలగాలి. ఆ 4×3 మీటర్లని రాతి పలకలతో ఇంటి నేల మట్టానికి 10 సెం.మీ. లోపు తేడాతో పరవండి. అంచున 40–45 సెం.మీ. పిట్టగోడ, కూర్చోవడానికీ పనికొస్తుంది. ఉత్తరం ఇంటి వెన్ను, కాబట్టి పెరటి ప్రహరీ 1.8 మీటర్ల కన్నా తగ్గించకండి.

తొమ్మిదో_నక్షత్రం
ఆ దీపం ఎర్రటిది వద్దు. వాయవ్యం లోహం, నిప్పు దాన్ని కరిగిస్తుంది. తెల్లటి గుండ్రని దీపం పెట్టండి, స్తంభం లోహంది.

ఇటుక_సిమెంటు
టాయిలెట్ పట్టీ ఉత్తరం అంచు ఆ ఖాళీని ఆనుకునే ఉంది. మేస్త్రీ చేతికి దొరికిన చోటని మురుగు పైపు ఛాంబర్ ఆ పలకల కిందే కట్టేస్తాడు. (−1, 4) దగ్గర, పడమటి గోడకి 1 మీటరు బయట అని డ్రాయింగులో ఇప్పుడే గుర్తు పెట్టించండి.

కొత్తగోడ
పెట్టించాను. ఛాంబర్ (−1, 4), దీపానికి వైరు పైపు వంటగది ఉత్తర గోడ నుంచి. కొత్త డ్రాయింగు రాగానే కొలతలు ఇక్కడ పెడతాను.

ప్లానుపిచ్చి
గోడల మందం బయటి అంచు నుంచా, మధ్య గీత నుంచా అన్నది కూడా రాయండి. 23 సెం.మీ. గోడకి తలుపు అంచు 5.6 హద్దు మీదే ఉంది, 10 సెం.మీ. అటూ ఇటూ అయితే మళ్లీ నైరుతి తగులుతుంది. వీలైతే 5.75 దగ్గర మొదలెట్టించండి.